మావయ్య మింగిన సాయంత్రం

మా ఇంటి నడవలో ఒక మంగళవారం అమ్మవారు నా నోట పలికి మా మావయ్యను నిలదీసిందని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రోజు అమ్మవారు రాలేదు. పలికింది నేను. పూర్తి తెలివితో, ఏం అడగాలో ముందే అనుకుని, గొంతు మార్చి పలికాను. ఈ మాట మా అమ్మకు చెప్పలేదు, వైద్యం చేసిన డాక్టరుకు చెప్పలేదు. ఎవరైనా తీసి చదువుతారేమోనన్న భయంతో నా డైరీలో కూడా ఆ రోజు కింద ‘మావయ్య వచ్చాడు, ఎండ ఎక్కువ’ అని రాసి ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తున్నది తప్పు ఒప్పుకోవడానికి కాదు. ఆ రోజు నాకెంత బాగుందో ఎక్కడో ఒకచోట ఉండాలని.

మాది ఎచ్చెర్ల దగ్గర పల్లె. వరి, గోగు పండించే ఇల్లు. ఎస్సెల్సీ అయ్యాక నేను ఇంట్లోనే ఉండిపోయాను. పదిమందిలో నోరు విప్పడం నాకు చేతకాదు. చుట్టాలొస్తే ధాన్యం కొట్లోకి పోయి కూర్చునేదాన్ని. బస్తాల వెనక వారపత్రికల్లోంచి చింపి కుట్టుకున్న సీరియళ్లు, నాన్న చేత శ్రీకాకుళం లైబ్రరీ నుంచి తెప్పించుకున్న నవలలు ఉండేవి. ఎరువుల కొట్టువాళ్లు నాన్నకు ఏటా ఇచ్చే డైరీ నాకు వచ్చేది. నాన్న నన్ను ‘మూగమ్మా’ అని పిలిచేవాడు, ముద్దుగానే.

మావయ్య అంటే మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. పాతపట్నంలో గోగునార, చింతపండు వ్యాపారం. అరవై ఏడు వేసవిలో ఎవరిదో పాత అంబాసిడరు కొన్నాడు. మా చుట్టాల్లో అదే మొదటి కారు. కొన్న కొద్దిరోజులకే దాన్ని చూపించడానికి మా ఊరొచ్చాడు. అరుగు మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, నన్ను చూపిస్తూ అమ్మతో అన్నాడు:

“అప్పా, గుంటని నాతో పంపు. పది దినాలుండి వస్తాది. కారులో ఎళ్తే సల్లంగా ఉంటాది.”

“డ్రైవరేడిరా?” అని మా మామ్మ అడిగింది. నాన్నకు తల్లి. ఎవరినైనా ఏదైనా అడిగే మనిషి.

“డ్రైవరెందుకత్తా. నాను తోలీలేనా? ఎడ్లబండి కంటే సులువు. గడ్డెయ్యక్కర్లేదు, పేడెత్తక్కర్లేదు.”

“ఎడ్లయితే గొయ్యి సూసి అవే ఆగిపోతాయిరా. ఇది ఆగుతాదేటి?”

అందరూ నవ్వారు. మావయ్యా నవ్వాడు. కారు తోలాలంటే సర్కారు ఇచ్చే కాగితం ఒకటి ఉండాలని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

అమ్మ కొత్తావకాయ జాడీ నా ఒళ్లో పెట్టి పంపింది. నాకు గుర్తున్నది ఇంతే: నరసన్నపేట దాటాక తాటిచెట్ల మీద వాలిన ఎండ, ఒళ్లో జాడీ, ఎదురుగా సున్నం కొట్టిన కల్వర్టు గోడ. ఆ తరవాతది మావయ్య ఇంట్లో లాంతరు. మధ్యలో ఏమీ లేదు. నా ఒంటి మీద అత్తయ్య చీర ఉంది. జుట్టు తడిగా ఉంది. కుడి చెవిలో ఒకటే హోరు.

“దారంతా తొంగున్నావే,” అన్నాడు మావయ్య. “కల్వర్టు కాడ ఒక్క కుదుపు కుదిపింది. నుదురు తగిలీసినాది, జాడీ పగిలిపోనాది. నీ సీరంతా ఆవకాయ నూనె.”

నా తలకింద వేసిన తువ్వాలు మీద ఎర్రటి మరక ఉంటే అదీ ఆవకాయే అన్నాడు. నేను నమ్మాను. పది రోజులూ తలపోటుతో పడుకుని, తిరుగు బస్సులో ఇంటికొచ్చాను. కారు విజయనగరంలో షెడ్డులో ఉంది, ఏదో చిన్న రిపేరు అన్నాడు.

నెలన్నర తరవాత మొదలైంది. ముందు కడుపులోంచి ఒక వాసన లేచేది, గోగునార కాలుతున్నట్టు. చుట్టూ ఎక్కడా పొగ ఉండదు. ఆ వాసన ముక్కుదాకా వచ్చాక నేనుండను. మళ్లీ వచ్చేసరికి చేతిలో గ్లాసు కింద దొర్లుతూ ఉంటుంది, ఎదుటివాళ్లు నన్నే చూస్తుంటారు. ఆ కాసేపూ నా కళ్లు తెరిచే ఉంటాయట. కుడిచేయి పైటకొంగు పీకుతుందట. నోరు ఏదో నములుతున్నట్టు ఆడుతుందట. ఆ తరవాత గంటసేపు నాకు మాటలు దొరికేవి కావు. చెంబు అనలేక వేలు పెట్టి చూపించేదాన్ని. పొద్దున చదివిన పేజీ సాయంత్రం చదివితే కొత్తగా ఉండేది. డైరీలో నా రాత గీత వదిలేసి కిందికి జారిపోయేది. అలా వచ్చిన ప్రతిసారీ తేదీ పక్కన చిన్న ఇంటూ గుర్తు పెట్టుకునేదాన్ని.

శ్రీకాకుళంలో ఒక డాక్టరు రక్తం తక్కువన్నాడు, టానిక్కు రాశాడు. ఇంకొకాయన కళ్లజోడు పెట్టించాడు. విజయనగరంలో ఒక లేడీ డాక్టరు నన్ను బయట కూర్చోబెట్టి అమ్మతో మాట్లాడింది. “పెళ్లి చేసేయండమ్మా, అదే సర్దుకుంటుంది. కథల పుస్తకాలు మాత్రం చదవనివ్వకండి,” అనడం తలుపు సందులోంచి విన్నాను. ఇంటికి రాగానే అమ్మ నా సీరియళ్లన్నీ అటక మీద పెట్టేసి నిచ్చెన తీసేసింది. తలకు దెబ్బేమైనా తగిలిందా అని ఒకరిద్దరు అడిగారు. “చిన్న కుదుపండి, అంతే,” అనేది అమ్మ. తమ్ముడు చెప్పిందే ఆవిడ చెప్పింది.

చివరికి రోగం కనిపెట్టింది మా మామ్మ. నా నోరు నమలడం చూసి కనిపెట్టింది. మా ఊరి అమ్మవారికి తమలపాకులంటే ఇష్టం. జాతరలో పూనకం వచ్చిన మనిషి ముందు ఆకులు నమిలి, కొంగు సవరించుకుని, ఆ తరవాతే పలుకుతుంది. నేను చేసేవి ఆ రెండే.

“ఓలమ్మా, గుంటకి రోగమేటి, నీ మొహం,” అంది మామ్మ అమ్మతో. “అమ్మోరు తాంబూలం నవుల్తన్నాది. కొంగెలగ సవరించుకుంటన్నాదో సూడు.”

అప్పట్నుంచి నాకు ఆ వాసన వచ్చి తెలివి తప్పగానే ఎవరో ఒకరు నా నోట్లో తమలపాకులు కుక్కేవారు. ఊపిరాడక, దగ్గుతూ తెలివి తెచ్చుకునేదాన్ని. వరుసగా రెండు మంగళవారాలు అలా రావడంతో మంగళవారం ఖాయమైపోయింది. చుట్టాలొస్తేనే ధాన్యం కొట్లో దాక్కునేదాన్ని, అలాంటి నన్ను మొహాన పసుపు పూసి నడవలో పీట మీద కూర్చోబెట్టారు. పక్కవీధి ఆవిడ ఆవును కొనాలా అని అడిగినప్పుడు తెలివి తప్పి ఉన్న నా నోట్లోంచి ‘వద్దొద్దు’ అని వచ్చిందట. ఆ ఆవును కొనుక్కున్న వేరేవాళ్లింట్లో అది చచ్చిపోయింది. ఇంక చెప్పాలా. అలా రాని మంగళవారాల్లో, అడగడానికొచ్చినవాళ్లు నాదే తప్పన్నట్టు చూసి వెళ్లేవారు.

అమ్మకు నమ్మకం సగమే. కాని పిచ్చిదంటే జనం మొహం చాటేస్తారు, అమ్మవారంటే దండం పెడతారు. ఆవిడ దండం వైపు నిలబడింది.

మా బడి మేష్టారొకాయన విశాఖపట్నంలో నరాల డాక్టరు ఉన్నాడని చెబితే నాన్న నన్ను తీసుకెళ్లాడు. ఆమదాలవలసలో బండెక్కాం. విజయనగరం ప్లాట్‌ఫారం మీద నాన్న అరటిపళ్లు బేరమాడడం గుర్తుంది. ఆ తరవాత గుర్తున్నది కొత్తవలస దాటిపోయిందని ఎవరో అనడం. నాన్న మొహం పాలిపోయి ఉంది. నాకలా రావడం మొదటినుంచి చివరిదాకా ఆయన చూడడం అదే మొదటిసారి.

“ఇక్కడ ఆకులెట్టడానికి ఎవలూ నేరు కదే. అడగడానికీ ఎవలూ నేరు. మరెందుకొచ్చినాది అమ్మోరు?” అన్నాడు నాతో. 

ఆ డాక్టరు పెద్దాయన. నాన్నను కాకుండా నన్ను అడిగాడు. నేను నోరు విప్పలేక డైరీ తీసి బల్ల మీద పెట్టాను. కారులో కుదుపు సంగతి రాసిన పేజీ, ఇంటూ గుర్తులున్న పేజీలన్నీ ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. నా డైరీ ఇంకొకరు చదవడం అదే మొదలు. అప్పుడు మూడు ప్రశ్నలు వేశాడు. కారులో దెబ్బ తగిలాక ఎంతసేపు స్పృహ లేదు? చెవిలోంచి గాని, ముక్కులోంచి గాని రక్తం వచ్చిందా? ఆ రోజు ఒళ్లు బిగుసుకుని కొట్టుకుందా? మూడింటికీ నా దగ్గర జవాబు లేదు.

“చూసినవాళ్లెవరు?”

“మా మావయ్య,” అన్నాను.

“ఆయన్ని తీసుకురండి. రాకపోతే అడిగి రాసుకురండి. దెబ్బ గట్టిదైతే ఇది ఒక జబ్బు. దానికి మందుంది, ఏళ్ల తరబడి మింగాలి. దెబ్బే లేకపోతే ఇది ఇంకొకటి, దానికి ఆ మందు ఇవ్వకూడదు. మీవాళ్లు అమ్మవారంటున్నారు. నేను ఊహ మీద మందివ్వను.”

ఆ మూడు ప్రశ్నలూ డైరీలో రాసుకున్నాను. నాన్న శ్రీకాకుళంలో నన్ను మా ఊరివాళ్లకు అప్పగించి, ఇంటికి కూడా రాకుండా పాతపట్నం బస్సెక్కాడు. రెండు రోజులకు తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుంటూ మావయ్య చెప్పింది చెప్పాడు: “అమ్మోరి తోడు బావా, నుదురు తగిలినాది, అంతే. గుంట పుస్తకాలు సదివి సదివి అలగయిపోనాది.”

ఆ మాట విన్నప్పుడు నాకు తువ్వాలు గుర్తొచ్చింది. ఆవకాయ మరక ఎండితే అంచు పసుపుపచ్చగా దిగుతుంది, నూనె పక్కకు పాకుతుంది. నేను వంటింట్లో పెరిగినదాన్ని. ఆ తువ్వాలు మీద మరక మర్నాటికి గోధుమరంగైంది, గట్టిగా పొలుసు కట్టింది. పసుపు లేదు, నూనె లేదు. ఆయనకు తెలుసు. తెలిసి, అమ్మవారి మీద ఒట్టేసి, నన్ను పీట మీదే కూర్చోబెట్టి పోయాడు.

ఆ వారం డైరీలో నాలుగు పేజీలు ఆయనకేం కావాలో రాసుకున్నాను. చింతపండు బూజు పట్టాలి. గోగునార వానలో తడవాలి. పళ్లూడాలి. నలుగురి ముందు మాట్లాడబోతే నోట్లో మాట దొరక్కూడదు. చివరిదాని కింద రెండుసార్లు గీత గీశాను. ఆ రాత గీత వదిలి జారలేదు.

మూడు నెలలకు ఆయనే వచ్చాడు. వాళ్ల ఊరి రైతుల సహకార సొసైటీ ఎన్నికల్లో ప్రెసిడెంటుగా నిలబడ్డాడు. ఆవు సంగతి పాతపట్నం దాకా పాకినట్టుంది. మంగళవారం పొద్దున్నే పట్టుచీర, కొబ్బరికాయ, రెండు కట్టల తమలపాకులు పట్టుకుని నడవలోకి వచ్చాడు. నాకు మొదట అర్థం కాలేదు. అమ్మవారి మీద అబద్ధపు ఒట్టేసినవాడు అమ్మవారిని అడగడానికి ఎలా వచ్చాడని. తరవాత అర్థమైంది. ఆయన అబద్ధం చెప్పింది మా నాన్నకు. అమ్మవారు వేరు, ఆవిడకు ఇంత చీర పెడితే సరిపోతుంది. నేను ఇంకా వేరు. నేను ఆవిడ కూర్చునే పీటలాంటిదాన్ని.

నడవలో ఆడవాళ్లు పదిహేనుమంది దాకా ఉన్నారు. నాన్న గుమ్మం దగ్గర ఉన్నాడు. మావయ్య నా ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాడు. “తల్లీ, సొసైటీ నాకు దక్కుతాదా?” అని అడిగాడు.

ఆ రోజు కాలిన వాసన రాలేదు. రాదని నాకు తెలుస్తోంది.  నా కుడిచేతిని కొంగు మీదికి పంపించాను. పీకడం మొదలుపెట్టాను. దవడ ఆడించాను. నేను చేస్తానని ఇంతకాలం అందరూ చెప్పగా విన్నదే, మొదటిసారి నేను చేస్తున్నాను. మామ్మ పరుగున వచ్చి ఆకులు నోట్లో కుక్కింది. అవి నమిలి, ఆయన తెల్లచొక్కా మీద ఊశాను. ఆయన కదల్లేదు. పైగా దండం పెట్టాడు.

“ఒరే,” అన్నాను. నా జన్మలో ఒక మగవాణ్ణి ఒరే అనడం అదే మొదలు. మావయ్యను అనడం సరేసరి. “నన్నడగడానికొచ్చినావా? నాను నిన్నడగతాను, సెప్పు. కల్వర్టు కాడ ఈ గుంట తెలివి నేకుండా ఎంతసేపు తొంగుంది?”

“ఏ కల్వర్టు తల్లీ?”

“సొసైటీ మాట కావాలేటి నీకు, అక్కర్లేదేటి?”

ఆయన చుట్టూ చూశాడు. అమ్మ వేపమండ పట్టుకుని ఆగిపోయింది.

“పొద్దు గూకిందాకా తల్లీ,” అన్నాడు. “రెండు గంటలుంటాది. పక్కన జీడితోటలో తొంగోబెట్టినాను.”

“నెత్తురు?”

“సెవిలోంచి. కుడి సెవిలోంచి కారినాది. కల్వర్టు కింద గెడ్డ పారతాది, ఆ నీలెట్టి కడిగీసినాను.”

“ఒళ్లు?”

“ఒక మారు కొట్టుకుంది తల్లీ. కొయ్యలాగ బిగిసిపోయి కొట్టుకుంది. పోయిందే అనుకున్నాను.”

డాక్టరు అడిగిన మూడూ అయిపోయాయి. అక్కడ ఆపవచ్చు. నాలుగోది నాది.

“ఎందుకు దాసినావు?”

“లైసెన్సు నేదు తల్లీ. కొండలేపు పోలీసు జీపులు తిరుగుతన్నాయి. ఎవడి కంటైనా పడితే నన్ను లోపలేసీసేవోలు. గుంట లేస్తాదిలే అనుకున్నాను. లేసినాది కదా.”

లేసినాది కదా. ఏడాదిన్నర పాటు నా గొంతులో ఆకులు కుక్కించుకున్న మనిషిని నేను. తల దించుకుని, పళ్లు బిగబట్టి కూర్చున్నాను. ఆయన చొక్కా మీద ఆకుపచ్చ మరక తుడుచుకోకుండా అలాగే ఉంచుకుని, చిన్నగా అడిగాడు:

“మరి సొసైటీ మాటేటి తల్లీ?”

ఆ ప్రశ్న అడగకపోయి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. అడిగాడు. అందరికీ వినిపించేలా జవాబు చెప్పాను. “నీకు దక్కదు. నీకు ఓటేసినోడి ఇల్లు నాను తొక్కను.”

అది డాక్టరుకు అక్కర్లేని మాట. నాకు కావలసిన మాట. చెప్పేసి వెనక్కి వాలిపోయాను. కళ్లు మూసుకుని పడి ఉండగా నా గుండె ఎంత హాయిగా కొట్టుకుందో. నవ్వు రాకుండా బుగ్గ లోపల కొరుక్కున్నాను. మామ్మ నా మొహాన నీళ్లు చల్లుతూ “ఎంత కోపమొచ్చినాదో తల్లికి,” అంటూనే ఉంది. అమ్మ వేపమండ కింద పడేసింది. మావయ్య తెచ్చిన చీర, కొబ్బరికాయ తీసి ఆయన చేతుల్లోనే పెట్టి, వీధి గుమ్మం తలుపు బార్లా తెరిచింది.

నాన్న అప్పటికప్పుడు ఒక కాగితం మీద మూడు జవాబులూ రాసుకున్నాడు. మరుసటి వారం విశాఖలో డాక్టరు దాన్ని రెండుసార్లు చదివాడు. మెదడుకు దెబ్బ తగిలి మచ్చ కట్టిందని, ఆ మచ్చ దగ్గర పుట్టేదే ఈ వాసన, ఈ నమలడం అని, ఇది మూర్ఛలో ఒక రకమని చెప్పాడు. పిచ్చి కాదు, అమ్మవారు కాదు, పుస్తకాలూ కాదు. మాత్రలు రాశాడు. నేను ధైర్యం చేసి ఒక్క ప్రశ్న అడిగాను, ముందే వచ్చి ఉంటే ఏమయ్యేదని.

“ఇన్నిసార్లు వచ్చి ఉండేది కాదమ్మా,” అన్నాడు. “వచ్చినకొద్దీ మెదడుకు దారి అలవాటవుతుంది. ఇప్పుడు తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాటివ్వలేను.”

తగ్గింది. నెలకు ఏడెనిమిది ఇంటూలుండేవి, ఇప్పుడు ఒకటో రెండో. మాటలు ఇప్పటికీ జారిపోతాయి. పుస్తకంలో పేరా రెండుసార్లు చదివితేగాని నిలవదు. మామ్మ మాత్రం మాత్రలతో అమ్మవారిని తరిమేశానని ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడదు. ఆ మంగళవారాన్నే తార్కాణంగా చెబుతుంది. కాదని చెప్పాలంటే నిజం చెప్పాలి. చెప్పను.

సొసైటీ మావయ్యకు దక్కలేదు. నడవలో మాట మూడు రోజుల్లో పాతపట్నం చేరింది. ఓటు వేసినవాడి ఇల్లు అమ్మవారు తొక్కదంటే ఎవడు వేస్తాడు. రైతులు చింతపండు కూడా ఇంకొకరి కొట్టుకు తోలడం మొదలుపెట్టారట. ఆయన కారు అమ్మేశాడు. అమ్మ ఆయన పేరు ఎత్తదు. ఒక్కోసారి వంట చేస్తూ కళ్లు తుడుచుకుంటుంది, అది ఉల్లిపాయ కాదని నాకు తెలుసు. అప్పుడు కొంచెం బాధేస్తుంది, అమ్మ గురించి. ఆయన గురించి ఎప్పుడూ వేయలేదు. వేస్తుందేమోనని చాలాకాలం చూశాను కూడా.

పోయినేడాది ఆషాఢంలో మాత్రల కోసం వెళ్తూ శ్రీకాకుళం బస్టాండులో ఆయన్ని చూశాను. నాన్న బస్సు ఎన్నింటికో కనుక్కోవడానికి వెళ్లాడు. మావయ్య బల్ల మీద, బేరానికి మచ్చుగా చూపించే గోగునార కట్ట పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. ఇదివరకైతే నేనే ముందు తిప్పుకునేదాన్ని. దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. జవాబు తెలిసి ఉండీ అడిగాను.

“సొసైటీ ఎవరికొచ్చింది మావయ్యా?”

ఆయన తలెత్తి నన్ను చూశాడు. లేచి కట్ట భుజాన వేసుకున్నాడు. ఆ తరవాత రెండు చావుల్లో, ఒక పెళ్లిలో ఎదురుపడ్డాం గాని ఆయన నాతో పెదవి కదపలేదు. ఆ రోజు బస్సు వైపు నడుస్తూ, వెనక్కి తిరక్కుండా అన్నదే చివరిది:

“ఆ దినం నిన్ను ఎత్తుకు రాకుండా ఆ జీడితోటలోనే ఒగ్గీసి ఎళ్లిపోతే సరిపోయీదే.”